ఇరవయ్యో జెండా

“రోడ్డు తెచ్చింది మీ నాన్నగారేనటగా?” అంది పంతులమ్మ, స్కూటరు దిగకుండానే.

పంక్చరు తాత ట్యూబును నీళ్లతొట్టిలో ముంచాడు. తల ఎత్తలేదు. “సర్కారు వేసింది. మాకేం తెలుసు?”

“అదేమిటి! చౌరస్తాలో రాయి మీద రాసుందిగా. వాగుకి ఉత్తరాన ఒక్క ఇల్లూ లేని బీడులో ఇంత ఊరు ఎలా లేచిందో మా బడిపిల్లలకి చెప్పాలి.”

పంతులమ్మ వాగవతలి ఊరి మనిషి. నాన్న ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో ఎవర్నీ వాగు దాటనివ్వలేదు. బైపాసు ఎటు పోతుందో తేలని రోజుల్లో చరిత్ర అడగడానికొచ్చిందంటే ఊరికే రాలేదు. స్కూటరు వెనక గోనెపట్టాలో పొడుగ్గా ఏదో కట్టుకొచ్చింది కూడా.

తాత భార్య ముసలమ్మ బయటికొచ్చి అతని చెవిలో గొణిగింది. “నోరు జారకు. బైపాసు అటు పోతే మన కొట్టుకి తాళమే.”

“నాకు తెలీదూ? నువ్వు లోపలికి నడు.”

పంతులమ్మ సంచిలోంచి తుప్పుపట్టిన ఇనుపచువ్వ తీసింది. కొసన ఎర్రగుడ్డ పీలిక.

“మా జొన్నచేలో దున్నుతుంటే దొరికింది. సర్వే జెండా. రోడ్డు ముందు మా వైపే గీశారు కదూ?”

తాత చేతిలో ట్యూబు బుడగలు కక్కుతూనే ఉంది. ఇరవై పాతారు, పందొమ్మిదే దొరికాయిరా అన్నాడు నాన్న, పోయేముందు. ఆ ఒక్కటీ అరవై ఏళ్లకి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

“అయితే ఏం చేస్తావు? రాయి పీకిస్తావా? మా నాన్నని దొంగని రాయిస్తావా?”

“ముందు నిజం చెప్పండి తాతగారూ.”

“అవునమ్మా! తెలతెలవారుతుండగా జెండాలు పీకి తెచ్చి మా వైపు పాతాడు. ఈ గోదాములు, ఈ మిల్లు, నా కొట్టు, అన్నీ ఆ దొంగతనం మీద లేచినవే. చాలా? పో, పోయి చెప్పుకో. దానికి బదులు బైపాసు మాకిమ్మని అడుక్కో.”

పంతులమ్మ మొహం విప్పారింది. “అయితే మా చేలు దక్కింది మీ నాన్నగారి వల్లేనని మా తాత చెప్పింది నిజమే!”

గబగబా వెళ్లి గోనెపట్టా విప్పింది. కొత్త జెండాలు. చువ్వలకి అంటిన మట్టి తడి ఇంకా ఆరలేదు.

“బైపాసువి. నిన్న మా చేలల్లో పాతి వెళ్లారు,” అంటూ కట్ట తెచ్చి తాత కాళ్ల దగ్గర దించింది.

“ఈసారీ మీరే ఎత్తుకుపోండి.”