వదులు చేసిన వైరు

పాలిటెక్నిక్ ల్యాబులో శామ్యేలు సారుది ఇరవై రెండేళ్ల అలవాటు. పిల్లలు రాకముందే, మోటార్లను నడిపే పీఎల్‌సీ డబ్బాల్లో ఒక్కో వైరు వదులు చేసి పెట్టేవాడు. ఆ లోపం వెతికించడమే ఆయన చెప్పే పాఠం.

ఈ ఏడు వచ్చిన డబ్బాలు తమ జబ్బు తామే నయం చేసుకునే రకం. వైరు వదులైతే, అరనిమిషంలో వేరే దారి చూసుకునేవి.

“సార్, మోటర్ మంచిగనే తిరుగుతుంది గదా, ఏం వెతకాలె?” అనేది సహస్ర, బెంచీకి ఆనుకుని ఆవలిస్తూ.

ఆయనకు పంతం పట్టింది. రెండు వైర్లు వదులు చేశాడు, మర్నాడు మూడు. డబ్బాలు సర్దుకుపోయాయి గాని, ఒక్కటీ మరిచిపోలేదు. శనివారం ప్రిన్సిపాల్ వాటి నివేదికను ఆయన చేతిలో పెట్టి తల తిప్పుకున్నాడు: ‘పదేపదే వస్తున్న లోపానికి కారణం దొరికింది. ఒకే మనిషి చెయ్యి. సోమవారంలోగా సరిచేస్తాం.’

సోమవారం వేలిముద్రతో తెరుచుకునే ల్యాబు తలుపు పిల్లలందరికీ తెరుచుకుంది. సారు వేలు పెడితే తెరుచుకోలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

అద్దం అవతలి నుంచి సహస్ర ఆత్రంగా అరిచింది. “తలుపు ఖరాబైంది సార్! ఏ వైరు లూజయిందో మేం వెతుకుతం!”

ఏడాదంతా ఆ మాట కోసమే ఎదురుచూసిన సారు, వేలు వెనక్కి తీసుకున్నాడు.

“వెతకకు బిడ్డా. తలుపు మంచిగనే పనిచేస్తుంది.”