ప్లగిన్ రాసినావిడ

"పొద్దున ఫోటో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశానండీ. అంతే, మీ ప్లగిన్ మాయం! మళ్లీ మళ్లీ ఫోల్డర్లో పెట్టా. మెనూలో కనపడి చస్తేగా!"

ఆ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకుంటే పాత ఫోటోల మీది గీతలు చెరిపే ఆ ప్లగిన్ ఉచితమే. కానీ స్టూడియోవాళ్లు బాగుచేయమని ఆమెకు ఇంటికిచ్చిన ఫోటోలు సాయంత్రంలోగా అందకపోతే, రేపటి నుంచి ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే ఆమె పాపను చంకనేసుకుని, ప్లగిన్ పేజీ అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

"కొత్త వెర్షన్‌కి తగ్గట్టు ఇంకా మార్చలేదమ్మా," అంది అవతలి ఆడగొంతు నీరసంగా.

"అప్‌డేట్ వచ్చి నెల దాటింది. ఇన్నాళ్లూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారా?"

జవాబుగా ఫోన్లో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అది విని ఇక్కడ పాప కూడా అందుకుంది.

"ఊఁ ఊఁ, అయిపోయింది తల్లీ!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుంది.

"బిడ్డకి ఎన్నో నెలండీ?" అంది ఆమె.

"రెండు నిండలేదు. అది పడుకుంటేనే నాకు కంప్యూటర్. మీరు సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఎక్కించుకుంటే పనైపోతుంది. ఎలాగో చెప్తా, రాసుకోండి," అవతలావిడ ఏడుపులోనూ వినపడేలా అరుస్తోంది.

ఆమె గోడ గడియారం వైపు చూసి, రాసుకోవడానికి తీసిన కలం కింద పెట్టేసింది.

"ముందు బిడ్డకి పాలివ్వండి. నేను లైన్లోనే ఉంటా."