ఎదురు షాపు కత్తెర

ఎదురు సెలూన్ ముందు మళ్లీ జనం. కటింగ్ మాస్టర్ తన ఖాళీ కుర్చీని మళ్లీ తుడిచాడు.

అక్కడ నిలబడ్డవాళ్లంతా నిన్నమొన్నటిదాకా తన ముందు తల వంచినవాళ్లే. ఇప్పుడు తన గుమ్మం దాటేటప్పుడు మాత్రం ఫోను చూసుకుంటూ పోతారు.

ఎదుటివాడు ఈ దేశం వాడు కాదు. భాష కూడా సరిగ్గా రాదు. నిన్నగాక మొన్న వచ్చాడు, వీధి వీధంతా వాడి కుర్చీ ఎక్కేసింది.

"ఏముందే వాడి దగ్గర?" అన్నాడు క్యారేజీ తెచ్చిన భార్యతో. "చెయ్యి తేలిక, అంతేగా. మెడ మీద కత్తెర ఆడుతుంటే కునుకు పడుతుంది."

భార్య తలెత్తి చూసింది.

"పడుతుందట. జనం అనుకుంటున్నారు," అని సర్దుకున్నాడు.

"పొద్దస్తమానం వాడి జపమే. పెళ్లయిన కొత్తలో కూడా నన్నింత తలుచుకోలేదు నువ్వు," అంది ఆవిడ.

సాయంత్రం నాయకుడు వచ్చాడు. ఎన్నికల రోజులు. ఫ్యాక్టరీ మూతపడింది బయటివాళ్ల వల్లే, అద్దెలు పెరిగింది బయటివాళ్ల వల్లే అని ఊరంతా తిరిగి చెబుతున్నాడు. గడ్డం గీయించుకుంటూ అసలు సంగతికి వచ్చాడు.

"రేపు మీటింగులో నువ్వు మాట్లాడాలి తమ్ముడూ. వాడి కత్తెరతో చర్మరోగాలు అంటుకుంటున్నాయని ఒక్క మాట అను చాలు. బిల్డింగ్ ఓనరు వాడి సామాను రోడ్డు మీద పెడతాడు."

"అంటుకున్నట్టు ఎవరూ..."

"ఎవరికో ఒకరికి అంటుకునే ఉంటుందిలే. పని తెలిసినవాడివి, నీ మాట నమ్ముతారు. లేదంటావా, ఇలాగే ఈగలు తోలుకుంటూ కూర్చో."

మాస్టర్ కత్తి ఆపి ఎదురుగా చూశాడు. వాడి అద్దం ముందు ఎవరో తల అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోతున్నారు. సరేనని తలూపి మళ్లీ కత్తి ఆడించాడు.

మర్నాడు మైకు ముందు ఆ మాట అనేశాడు. నాయకుడు పొంగిపోయి, అతని భుజాలు పట్టి వీపు జనం వైపు తిప్పాడు.

"ఈ క్రాఫు చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు లేదూ? మనవాడి షాపంటే ఇదీ."

చప్పట్లు మోగాయి.

వారం తిరక్కుండా ఎదురు షాపు అద్దాలు వ్యాను ఎక్కాయి. మాస్టర్ దగ్గర అప్పుడే నలుగురు వంతు కోసం కూర్చున్నారు. అందరూ మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లే.

ఎదుటివాడు రోడ్డు దాటి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చున్నవాళ్లంతా అటు తిరిగారు. తిడతాడేమోనని మాస్టర్ అటు తిరగలేదు, పని చేస్తూనే ఉన్నాడు.

వాడు మాస్టర్ మెడ వైపు కాసేపు చూసి, వచ్చీరాని మాటల్లో అన్నాడు: "అన్నా, వెనక జుట్టు పెరిగింది, నా కత్తెర ఇంకా సర్దలేదు, ఎప్పట్లాగే వెనక తలుపు తీసి పెట్టాను, వచ్చి కూర్చో."