గురువులు కేస్ షీటు

డెబ్బై తొమ్మిదిలో విశాఖలోని ఓ ఆసుపత్రి రికార్డు రూములో నా ఉద్యోగం. కేస్ షీటు చదివి, చావు ఎలా వచ్చిందో చూసి, ఆ కారణానికున్న నంబరు లావుపాటి కోడ్ల పుస్తకంలో వెతికి వెయ్యాలి. డాక్టర్లేమో సగమే రాస్తారు. సముద్రం మీద చేపల వేటకెళ్లిన గురువులు అనే జాలరి షీట్లో "నీట మునిగి మృతి" అని రాసి ఊరుకున్నారు. జారిపడ్డాడా, దూకాడా, ఎవరైనా తోశారా? మూడింటికీ మూడు నంబర్లు! విసుగొచ్చి, జారిపడ్డ నంబరే వేశాను.

మూడు రాత్రులుగా ఎవరో ఆ నంబరును గీత గీసి కొట్టేస్తున్నారు.

"నా బల్ల ముట్టుకోవద్దని ఎన్నిసార్లు సెప్పాలి?" అని ఆయా నారాయణమ్మ మీద అరిచాను.

"నాను ముట్నేదు బాబూ. నాకు సదువే రాదు కదేటి."

ఒళ్లు మండింది. "అయితే కొట్టేసినోళ్లే సరైన నంబరు వేసుకోండి!" అని పెన్ను షీటు మీద పడేసి, గదికి తాళం వేసి టీకి పోయాను.

తిరిగొచ్చేసరికి పుస్తకం తెరిచి ఉంది. పేజీ తడిసి ఉప్పునీటి వాసన వేస్తోంది. షీట్లో కొత్త నంబరు. ఎవరో తోసేస్తే వేసేది.

కిటికీ దగ్గర దగ్గు వినిపించింది. ఆ రోజు తెప్ప మీద గురువులుతో ఉన్న ఒకే ఒక్క మనిషి, అతని బావమరిది అర్జునరావు.

"కాయితం అయిపోనాదా బాబూ? జారిపడిపోనాడనే రాసీసినారు కదా?"

"నన్నేటి అడుగుతావయ్యా?" అన్నాను. "నీ ఎనకాల నీళ్లోడుకుంటూ నించున్నాడు. ఆడినే అడుగు."