సాక్షి చెవి

“ముందుకు నడువు బాబాయ్! హద్దు వాగు దగ్గర, ఇక్కడ కాదు!” జోసెరాన్ గొంతు చించుకున్నాడు.

అన్సెరి కదల్లేదు. అడవి బేరి చెట్టు కింద నిలబడి ఎడమ చెవి తడుముకుంటున్నాడు. ఆ చెవి వినపడదని బర్గండీలోని ఆ లోయంతటికీ తెలుసు.

మఠం పంపిన సన్యాసి, పునీతుడి ఎముకల పెట్టె పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. దాని మీద చెయ్యేసి ప్రమాణం చేసి అన్సెరి ఎక్కడంటే అక్కడే హద్దు. వాగు దాకా ఉన్న పచ్చిక దక్కకపోతే ఈ చలికాలం జోసెరాన్ పశువులకు మేత లేదు.

“హద్దు ఈ చెట్టే. అవతలదంతా మఠానిది,” అన్నాడు అన్సెరి.

“నా తిండి తింటూ వాళ్ళ పాట పాడతావేం?”

“మీ తాత పచ్చిక మఠానికిచ్చిన రోజు నన్నిక్కడికే తెచ్చాడు. పిల్లాడికి హద్దు గుర్తుండాలని చెంప మీద ఒక్కటిచ్చాడు.”

“హద్దు దగ్గర చెంపదెబ్బ తినని పిల్లాడెవడు? దానికోసం నా పశువుల్ని చంపుకోమంటావా?”

“ఆయన చెయ్యి కాస్త బరువురా. ఇంటికెళ్ళేసరికి ఈ చెవి వినపడలేదు.”

జోసెరాన్ ఆ చెవి వైపు చూశాడు. బాబాయి గుర్రం మీంచి పడ్డాడనే ఇంట్లో అందరూ చెప్పేవారు.

“ఇప్పుడు హద్దు వాగు దగ్గరంటే, ఈ చెవి ఊరికే పోయినట్టేగా?” అన్నాడు అన్సెరి.

జోసెరాన్ చెట్టును ఒక్క తన్ను తన్నాడు. కాసేపటికి చుట్టూ తిరిగి వచ్చి, బాబాయికి కుడి పక్కన నిలబడ్డాడు.

“కానివ్వు. పెట్టె మీద చెయ్యి వెయ్యి,” అన్నాడు, అరవకుండా.