ఊపిరి సందు

ఉమ్ ఫారిస్ సంచీ సర్దుకుంటోంది.

నల్ల గౌను, దువ్వెన, గొంతుకి చుట్టుకునే ఉన్ని గుడ్డ.

“ఆఖరి ఆటకి కూడా ఉండనివ్వలేదా!” దుస్తులు చూసుకునే ఓదెత్ నొచ్చుకుంది. “దారిలో తినడానికేమన్నా పెట్టుకున్నావా?”

“రొట్టె ఉంది. ఆలివ్‌లున్నాయి.”

ఉమ్ ఫారిస్ అంటే ఫారిస్ తల్లి. దక్షిణాన సరిహద్దు ఊరి నుంచి ఒంటరిగా వచ్చి, లెబనాన్ కొండల్లోని జహ్లే ఊరి నాటకశాలలో వంతపాటకి చేరింది. ఆ ఫారిస్ ఏమయ్యాడో ఎవరూ అడగలేదు.

జహ్లేలో ఏటా వేసవికి ఒక పాటల నాటకం వెయ్యాల్సిందే. మానేస్తే ద్రాక్ష కాయదంటారు, నవ్వుతూనే.

ఈ ఏడు నాయిక వేషం నజ్లాది. అద్దం ముందు కాటుక దిద్దుకుంటోంది.

“తీసెయ్యమన్నది నేనే. ఏం చెయ్యమంటావు ఓదెత్తక్కా? వంతపాట వాళ్ళు వెనక వరసలో ఉండాలి. నేను పాటకి ముందు ‘ఊఫ్’ కూత ఎత్తుకోగానే ఈవిడ నా మెడ మీదకొచ్చేస్తుంది. ఇవాళ బేరూత్ నుంచి నాటకాలాయన వస్తున్నాడు. నన్ను చూస్తాడా, ఈవిణ్ణి చూస్తాడా?”

వంతపాట పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఈవిణ్ణి చూడ్డానికా! అంత దూరం నుంచా!”

ఉమ్ ఫారిస్ సంచీ మూతి ముడేసింది.

“తల్లీ, ఇవాళ ఊఫ్ పొట్టిగా ముగించు. సాగదియ్యకు.”

“కుళ్ళు!” అంది నజ్లా అద్దంలోంచే. “వెళ్తూ వెళ్తూ కూడానా?”

ఉమ్ ఫారిస్ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, వెళ్ళిపోయింది.

సాయంత్రానికి హాలు నిండింది.

నజ్లా అట్టల కొండ మీద నిలబడి ఊఫ్ ఎత్తుకుంది. పాటకి ముందొచ్చే ఆ ఒక్క కూత ఒకే దమ్ములో సాగాలి. జనం వచ్చేది దానికోసమే. ముసలాళ్ళు కళ్ళు మూసుకుని, తమ ఊపిరి కూడా బిగబట్టేస్తారు.

నజ్లా సాగదీసింది. ఎప్పటిలాగే నడిమధ్యలో, ఎవరికీ తెలియదులే అనుకుని, గుటకంత ఊపిరి తీసుకుంది.

ఊఫ్ తెగింది.

ఎవరో దగ్గారు. ముసలాళ్ళు కళ్ళు తెరిచారు.

తెర పడగానే నజ్లా ఊద్ వాయించే మిత్రీ దగ్గరికి పరుగెత్తింది.

“బాబాయ్, రోజూ అక్కడే ఊపిరి తీస్తాను కదా! ఇవాళే ఎందుకు తెలిసిపోయింది?”

“రోజూ ఆ సందులో ఆవిడ అందుకునేదమ్మా. నువ్వు ఊపిరి తీసుకుని వచ్చేదాకా మోసి, నీకిచ్చేసి తప్పుకునేది. దగ్గరికి రాకుండా గొంతులో గొంతు ఎలా కలుపుతుంది?”

“నా గొంతే గోడలకి తగిలి తిరిగొస్తోందనుకున్నాను. నాకెందుకు చెప్పలేదు?”

“వద్దంది. తెలిస్తే పిల్ల అక్కడ ఊపిరి తియ్యడానికి భయపడుతుంది, అంది.”

అంతలో బేరూత్ ఆయన లోపలికొచ్చాడు. మంచి మనిషిలానే ఉన్నాడు.

“పోయిన వారం చెప్పకుండా వచ్చి విన్నానమ్మా. ఊఫ్ నడిమధ్యలో ఒక గొంతు ఊరింది, చెలమలో నీళ్ళూరినట్టు. కళ్ళు తెరిచేసరికి లేదు. ఆ గొంతుని మా నాటకానికి తీసుకెళ్దామని వచ్చాను. ఇవాళ వినబడలేదు. అది నీదేనా?”

వంతపాట పిల్లలు ఊపిరి బిగబట్టారు. అవునంటే చాలు, బేరూత్.

నజ్లా మిత్రీ వైపు చూసింది. ఆయన ఊద్ తీగలు సవరించుకుంటున్నాడు.

“నాది కాదండీ,” అంది. “ఉండండి, పిలుచుకొస్తాను.”

వేషం తియ్యకుండానే బస్సుల అడ్డాకి పరుగెత్తింది.

దక్షిణం బస్సు వెళ్ళిపోయింది.

మరుసటి వేసవికి పిలిపిద్దామనుకున్నారు. మరుసటి వేసవికి యుద్ధమొచ్చి దారులన్నీ మూసుకుపోయాయి.

బేరూత్ వెతుక్కుంటూ వచ్చిన ఆ గొంతు, ఉమ్ ఫారిస్, పందొమ్మిదివందల డెబ్భై నాలుగు ఆగస్టులో ఆ బస్సెక్కిన తర్వాత జహ్లేకి తిరిగి రాలేదు.