కొక్కేనికి నూనె

భర్త తన నోట్లోని చూయింగ్ గమ్ తీసి బొమ్మ రైలు పెట్టెకు అంటించడం చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"ఛీ, అదేంటండీ?"

"స్ప్రింగు ఎక్కడో ఎగిరిపడింది. ఇది పట్టుకుంటుందిలే," అన్నాడతను, బొటనవేలితో ఇంకాస్త అదుముతూ. గమ్ మీద అతని పంటి గాట్లు కనిపిస్తున్నాయి.

పెళ్ళయి మూడు నెలలు. మనిషి బంగారం. పొద్దున్నే ఆమెకంటే ముందు లేచి పాలు కాస్తాడు. కడిగిన గిన్నె కూడా తడి లేకుండా తుడిచి బోర్లిస్తాడు. అలాంటివాడు రెండు వారాల క్రితం ఈ బొమ్మ రైలు కొనుక్కొచ్చి హాల్లో బల్ల మీద పట్టాలు పరిచాడు. ఆ రోజు నుంచీ ఆ బల్ల వంక చూడాలంటేనే ఆమెకు ఒళ్ళు జలదరిస్తోంది.

ఇంజనూ, ఐదు పెట్టెలూ. పెట్టెకూ పెట్టెకూ మధ్య గోరంత కొక్కెం. షాపువాళ్ళు కప్లర్ అంటారు. రైలు నడకంతా దాని చేతిలోనే ఉంది. రెండు కొక్కేలూ ఒకే ఎత్తులో ఉండాలి. అటూ ఇటూ తేలిగ్గా ఊగాలి, ఊగి మళ్ళీ నడిమికి రావాలి. ఈయనకి ఇవేవీ పట్టవు.

మొదటిరోజు మూడో పెట్టె కొక్కెం కిందికి వేలాడి ఊడిపోతుంటే, దారాన్ని ఉమ్మితో తడిపి రెండు పెట్టెల్నీ కలిపి ముడేశాడు. ఆ ముడికి బూజు, వెంట్రుకలు పట్టి చచ్చిన బొద్దింకలా తయారైంది. తర్వాత కొక్కెం స్క్రూని బిర్రుగా బిగించాడు. ఊగలేని పెట్టె మొదటి మలుపులోనే పక్కకు పడుకుంది. మొన్నేమో కొక్కెం కింద తోకలా ఉండే తీగని ఇంకా కిందికి వంచాడు. పట్టాలు విడిపోయే ప్రతిచోటా అది తట్టుకుని రైలు ఎగిరిపడింది.

"స్పీడు ఎక్కువైనట్టుంది," అని తేల్చాడు.

ఆమె పళ్ళు బిగపట్టి చూసింది. ఎనిమిదో ఏట అన్నయ్య నేర్పినప్పటి నుంచీ ఆమెకు ఇదే లోకం. పుట్టింట్లో తన గది చుట్టూ పట్టాలే. నలభై పెట్టెల గూడ్సుని ఒక్కటి ఊడకుండా నడిపిన చెయ్యి అది. మొదటిసారి చూడవచ్చిన పెళ్ళివారు ఆ గదిలోకి తొంగిచూసి, నవ్వుకుంటూ వెళ్ళి, "అమ్మాయికింకా బొమ్మలాటలు పోలేదు, ఈ సంబంధం వద్దు" అని కబురు పెట్టారు. ఆ వారమే అమ్మ అన్నిటినీ పాత సామాన్లవాడికిచ్చి, అత్తారింట్లో ఆ ఊసెత్తనని ఒట్టు వేయించుకుంది.

ఎత్తలేదు. ఈ మనిషి కూడా అలాగే నవ్వితే తట్టుకోవడం తన వల్ల కాదు.

"రేపు మా ఆఫీసువాళ్ళొస్తున్నారు," అన్నాడతను, గమ్ అంటిన వేలిని బనీనుకు రాస్తూ. "పది చుట్లు ఆగకుండా తిరిగిందా సరేసరి. లేదా, ఎల్లుండి షాపులో తిరిగిచ్చేస్తా."

"ఇచ్చేయండి, పీడా పోతుంది," అంది. అందిగానీ చూపు మాత్రం పట్టాల మీంచి తిప్పుకోలేకపోయింది.

రైలు కదిలింది. రెండు పెట్టెల మధ్య గమ్ తీగలు తీగలుగా సాగింది. మూడో మలుపు దగ్గర తెగి, పట్టాల మీద చీమిడిలా వేలాడింది. ఆమె ముఖం తిప్పుకుంది.

అతను వంటింట్లోకి వెళ్ళి గరిటెడు నూనె తెచ్చాడు. పొద్దున వేపుడుకు వాడగా మిగిలింది. అడుగున మాడిన నలుసులు తేలుతున్నాయి.

"కాస్త జిడ్డు తగిల్తే సాఫీగా పోతుందిలే," అంటూ మొదటి కొక్కెం మీద ధారగా పోశాడు. నూనె పట్టాల మీదికి జారి, దుమ్మునీ గమ్మునీ కలుపుకుని నల్లటి ముద్దయింది. కమురు వాసన గుప్పుమంది. గరిటె రెండో పెట్టె మీదికి వంచబోయాడు.

"ఆపండి."

"ఏమైంది?"

"కప్లర్‌కి నూనె పోస్తారా ఎవరైనా? ఉన్న దుమ్మంతా పట్టి బంకై కూర్చుంటుంది. అది పొడిగా ఉండాలండీ. పెన్సిలు ముల్లు గీకి ఆ పొడి రాయాలి, అంతే. లేవండి అక్కణ్ణించి. ముందు చేతులు కడుక్కోండి. సబ్బుతో."

అతను బుద్ధిగా లేచాడు.

ఆమె కుర్చీ లాక్కుంది. ముక్కు చిట్లించుకుంటూనే గమ్ గీకింది. కొక్కేలన్నీ సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టింది. రైలు వచ్చిన అట్టపెట్టె అడుగున విడి స్ప్రింగుల పొట్లం అలాగే ఉంది. మహానుభావుడు దాన్ని విప్పనే లేదు. మిగిలిపోయిన తమ శుభలేఖ ఒకటి కత్తిరించి ఎత్తు కొలిచే అట్ట చేసుకుంది. చిన్న ముక్క మూడో పెట్టె కొక్కెం కింద సర్దింది. తీగల్ని పైకి వంచింది. స్క్రూల్ని పావు చుట్టు వదులు చేసింది. చేతులు పని చేస్తుంటే నోరు దానంతటదే అంతా చెప్పేసింది. గదీ, గూడ్సూ, పెళ్ళివారూ, అమ్మ ఒట్టూ.

రైలు పది చుట్లు తిరిగింది. పదకొండు. పన్నెండు. ఒక్క పెట్టె ఊడలేదు.

"ఇంక నవ్వుకోండి," అంది, అతని వైపు చూడకుండా.

అతను నవ్వలేదు. బల్ల మీదికి వంగి రైలునే చూస్తున్నాడు.

"ఇంకో రెండు పెట్టెలు తగిలిస్తే లాగుతుందంటావా?"

"ఇరవై లాగుతుంది."

"అయితే కొందాం."

ఆమె జిడ్డు చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ అవతల వరండాలో అతను గొంతు తగ్గించి ఆమె అన్నయ్యకు ఫోను చేస్తున్నాడు.

"బావగారూ, మీరు రాసి పంపిన పది తప్పుల్లో ఐదోదానికే మీ చెల్లెలు బయటపడింది."